నొప్పికీ నిద్రకీ చెట్టుమందు: తూచి వాడుకునే దారి

(కామవరపుకోటలో యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృత్యర్థం చేసిన ఉపన్యాసం)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడతారంటే క్యాన్సర్ మందుల గురించో, అమెరికా ప్రయోగశాలల గురించో చెబుతారని చాలామంది అనుకుని వచ్చి ఉంటారు. నేను ఎంచుకున్న విషయం చూపుకి చిన్నది. ఏళ్ళ తరబడి వదలని నొప్పులకీ, ఎంత పొర్లినా పట్టని నిద్రకీ మనం ఇళ్ళల్లో వాడుకునే చెట్టుమందుల గురించి మాట్లాడతాను. ఈ ఎంపికకు ఆయన జీవితమే కారణం.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుల ఆగ్రహం చూశారు. బాగా చదివినా పూర్తి ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. తక్కువ స్థాయి సర్టిఫికెట్‌తో బయటికొచ్చిన ఆ యువకుడికి ఉద్యోగం ఇచ్చింది మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాల. అక్కడ శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. లక్ష్మీపతి గారు ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదం చేపట్టిన మనిషి. సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. అదే జబ్బు ఆయనకూ వస్తే లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో తేరుకున్నారని జీవితచరిత్రకారులు రాశారు. 1923లో ఆయన బోస్టన్ వెళ్ళారు. తరువాత లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ దారిలోనే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే మందులు పుట్టాయి. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. అది క్యాన్సర్ మందుగా మొదలై, ఆయన పోయిన నలభై ఏళ్ళకు, 1988లో, కీళ్ళవాతానికి అమెరికా ఔషధ సంస్థ అనుమతి పొందింది. ఇవాళ ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్న ఆడమనిషి వారానికి ఒక్కసారి వేసుకునే చిన్న పసుప్పచ్చ బిళ్ళ చాలాసార్లు అదే.

ఆయుర్వేదంతో బతికి, ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పి, ప్రయోగశాలలో మందులు తయారుచేసిన మనిషి ఆయన. ఏ మందునైనా ఏముంది, ఎంత ఉంది, ఏం చేస్తుంది అని అడిగే అలవాటును ఆయన రెండు వైద్యాలకూ సమానంగా వర్తింపజేసేవారని నేను నమ్ముతాను. ఈరోజు నేను చెప్పదలచుకున్నదీ అంతే. చెట్టుమందు మంచిదా, ఇంగ్లీషు మందు మంచిదా అన్న వాదన వల్ల రోగికి ఒరిగేదేమీ లేదు. ఈ మందు, ఈ మనిషికి, ఈ మోతాదులో, ఇప్పటికే వాడుతున్న వాటితో కలిపి, ఎన్నాళ్ళు? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే వాడుకోవచ్చు. దొరక్కపోతే ఆగాలి.

మన మెట్ట ప్రాంతంలో నొప్పి లేని ఇల్లు చూపించండి. పామాయిల్ తోటల్లో తల పైకెత్తి పొడవాటి గెడకత్తితో గెలలు కోసేవాళ్ళకు మెడ, భుజాలు పట్టేస్తాయి. ఆ గెలలు మోసేవాళ్ళకు నడుం పోతుంది. కింద డెల్టాలో నాట్లు వేసే ఆడవాళ్ళ మోకాళ్ళు యాభై ఏళ్ళకే అరిగిపోతున్నాయి. నిద్ర సంగతీ అంతే. పొగాకు క్యూరింగ్ రోజుల్లో బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసుకునేవాడికీ, కొల్లేరు చేపల చెరువుల గట్ల మీద కాపలా పడుకునేవాడికీ రాత్రికీ పగటికీ తేడా చెరిగిపోతుంది. తడి పొగాకు ఆకు ముట్టుకున్నవాళ్ళ చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి వెళుతుంది, అది వాంతులతో పాటు నిద్రనూ చెడగొడుతుంది. వీళ్ళందరూ ముందు వెళ్ళేది పెద్దాసుపత్రికి కాదు. పక్కింటావిడ చెప్పిన కషాయానికి, సంతలో అమ్మే చూర్ణానికి, ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తారు. ఇందులో వాళ్ళ తప్పు నాకు కనబడదు. కూలి పోగొట్టుకుని, బస్సెక్కి, రోజంతా లైన్లో నిలబడేకన్నా పెరట్లో వావిలాకు కోసుకోవడం సులువు.

ఈ నేలకు ఆ అలవాటు కొత్తదీ కాదు. మన మండలంలోనే ఉన్న గుంటుపల్లి గుహల్లో క్రీస్తు పూర్వపు శతాబ్దాల నుంచే బౌద్ధ భిక్షువులు నివసించారు. బౌద్ధుల వినయ గ్రంథాల్లో మందుల మీద ఒక అధ్యాయమే ఉంది. అవయవాల్లో వాతం పట్టి నొప్పులతో బాధపడే పిలిందవచ్ఛుడనే భిక్షువుకు ఆకులు కాచిన ఆవిరితో చెమట పట్టించడం, కాచిన తైలం రాయడం అందులో అనుమతించారు. నాకు బాగా నచ్చేది ఆ అనుమతి వెంటనే వచ్చే షరతు. తైలంలో మద్యం కలిపి కాచినప్పుడు అది రంగుకీ వాసనకీ రుచికీ తెలియనంత స్వల్పంగా ఉంటేనే తాగవచ్చు, ఎక్కువైతే ఒంటికి రాసుకోవడానికి మాత్రమే. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం మందుగా పుచ్చుకుంటే ఏడు రోజులకు మించి దాచకూడదు. గుంటుపల్లి కొండ మీద ఉన్నవాళ్ళు రెండు వేల ఏళ్ళ క్రితమే మోతాదు, గడువు, లోపలికా పైకా అనే తేడా పాటించాల్సి వచ్చింది. సంతలో పొట్లం కట్టించుకున్న చూర్ణానికి మనం ఆ మాత్రం అడగడం లేదు.

నొప్పి విషయానికి వద్దాం. మందు తూచే ముందు నొప్పిని తూచాలి. ఏళ్ళుగా ఉన్న మోకాలి అరుగుదల వేరు, పొద్దున లేవగానే గంటసేపు వేళ్ళు ముడుచుకోనివ్వని రుమటాయిడ్ వేరు. మొదటిదానికి కండ బలపడే వ్యాయామం, బరువు తగ్గడం అన్నిటికన్నా నమ్మకమైన వైద్యం. రెండోదానికి సుబ్బారావు గారి బిళ్ళలాంటివి తొందరగా మొదలుపెట్టకపోతే కీళ్ళు వంకర్లు పోతాయి. ఏ నూనె మర్దనా ఆ వంకరని సరిచేయదు. నడుం నొప్పితో పాటు కాలు చచ్చుబడినా, మూత్రం బిగదీసినా, జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఏ కషాయమూ తాగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. చెట్టుమందుల వల్ల నేను చూసిన నష్టాల్లో పెద్ద భాగం మందు వల్ల కాదు, పోయిన నెలల వల్ల జరిగింది.

ఇప్పుడు మన ఏలూరు కథ ఒకటి చెప్పాలి. ఇది ఇక్కడ చాలామందికి తెలియదు. మన ఎండు అడవుల్లో అందుగు చెట్టు ఉంటుంది. దాని బంక సాంబ్రాణి వాసన వేస్తుంది. ఆయుర్వేదంలో దాన్ని శల్లకి అంటారు. ఆ బంక నుంచి తీసిన ఒక సారాన్ని మోకాళ్ళ అరుగుదలకు ఇచ్చి ఏలూరులోని అల్లూరి సీతారామరాజు వైద్య కళాశాలలో, అంటే మనం ఆశ్రం అనే చోట, పరీక్ష చేశారు. తయారుచేసింది విజయవాడకు చెందిన లైలా సంస్థ. 75 మంది రోగులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు రోజుకు 100 మిల్లీగ్రాములు, ఒక గుంపుకు 250 మిల్లీగ్రాములు, మూడో గుంపుకు మందు లేని ఉత్తి గొట్టాలు. ఎవరికి ఏది అందిందో రోగికీ తెలియదు, నొప్పి కొలిచే డాక్టరుకీ తెలియదు. 90 రోజులు నడిచింది. ఫలితాలు 2008లో అంతర్జాతీయ కీళ్ళ వైద్య పత్రికలో వచ్చాయి. మందు పుచ్చుకున్నవాళ్ళకు నొప్పి తగ్గింది, నడక మెరుగైంది. 250 మిల్లీగ్రాముల వాళ్ళలో వారం రోజులకే తేడా కనబడింది.

మన ఏలూరులో, మన మోకాళ్ళ మీద, మన చెట్టు బంకని ఇంత పద్ధతిగా పరీక్షించారంటే నాకు గర్వంగా ఉంటుంది. అయినా తూకం ఇక్కడితో ఆగదు. 75 మంది చాలా తక్కువ. పరీక్షలో మందు తయారుచేసిన సంస్థ పరిశోధకులే ఉన్నారు, కనుక సంబంధం లేనివాళ్ళు కూడా చేసి చూపాలి. 90 రోజుల్లో హాని కనబడలేదంటే పదేళ్ళు వాడినా హాని ఉండదని అర్థం కాదు, మోకాలు నొప్పి అయితే పదేళ్ళూ ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళు వాడింది బంక పొడి కాదు. అందులోని ఒక ఆమ్లాన్ని 30 శాతానికి పెంచి, ప్రతి గొట్టంలోనూ ఒకే లెక్కన నింపిన సారం. సంతలో ‘శల్లకి’ అని చెప్పి ఇచ్చే పొడికి ఆ ఫలితం అంటగట్టడం కుదరదు. 2014లో కాక్రేన్ సంస్థ మోకాళ్ళ అరుగుదలకు వాడే మూలికల పరీక్షలన్నీ కలిపి చూసి, అందుగు సారాలు నొప్పిని కొంత తగ్గిస్తాయని చెప్పింది. కొంత అన్న మాటని గుర్తుపెట్టుకోండి. అరిగిన మృదులాస్థి తిరిగి మొలవదు.

పసుపు మీద ఇంతకన్నా ఎక్కువ ఆశ, ఇంతకన్నా ఎక్కువ అమ్మకం ఉన్నాయి. కూరలో వేసే పసుపుతో ఎవరికీ భయం లేదు. కానీ పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు. దాన్ని పట్టించడానికి మిరియాల సారం కలిపి మాత్రలు చేస్తున్నారు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు మిరియాల్లోని పైపెరిన్ కలిపితే మనుషుల రక్తంలో కర్క్యుమిన్ 20 రెట్లు పెరుగుతుందని చూపారు. అదే పైపెరిన్ వేరే మందులను కూడా రక్తంలో పెంచగలదు. రక్తం పలచబడే బిళ్ళ వేసుకునే గుండె రోగి అలాంటి మాత్ర మొదలుపెట్టే ముందు డాక్టరుతో చెప్పాలి. బాగా పట్టేలా చేసిన పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు ఇతర దేశాల్లో నమోదయ్యాయి. బలం పెరిగితే బాధ్యత కూడా పెరుగుతుంది.

నల్లేరు పచ్చడి తినండి, శొంఠి పాలలో వేసుకోండి, వావిలాకు నీళ్ళతో కాపడం పెట్టుకోండి. చర్మం మీద పుండ్లు లేకపోతే పైపూతలు అన్నిటికన్నా నిరపాయం. గుంటూరు మిరపలోని మంటే నొప్పికి మందు అవుతుంది. ఆ మంట నరాలకు ఎలా తెలుస్తుందో కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. క్యాప్సైసిన్ పూత మందుల షాపులో దొరుకుతుంది. రాసుకున్న చేతితో కళ్ళు మాత్రం ముట్టుకోకండి.

ఇప్పుడు కటువైన మాట. కీళ్ళ నొప్పులకు ఆయుర్వేదం అని చెప్పి ఇచ్చే పొడి వేసుకున్న రెండో రోజుకే మంచం మీది మనిషి లేచి తిరిగితే ఆనందపడకండి, అనుమానించండి. ఏ మూలికా అంత వేగంగా పనిచేయదు. అలా చేసేది స్టెరాయిడ్. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, దానితో డైక్లోఫెనాక్ కలిపి దంచి, మూలికల పొడిలో కలిపి అమ్ముతారు. ఇది మన ఊళ్ళకే పరిమితమైన మోసం కాదు. 2022లో అమెరికా ఔషధ సంస్థ ‘ఆర్ట్రీ కింగ్’ అనే కీళ్ళ మూలికా మాత్రల్లో డెక్సామెథసోన్, డైక్లోఫెనాక్ దొరికాయని ప్రజలను హెచ్చరించింది. అట్ట మీద ఆ రెండింటి పేర్లూ లేవు.

అలాంటి పొడి నెలల తరబడి వేసుకున్నవాళ్ళను ఆసుపత్రి గదిలోకి వస్తుండగానే గుర్తుపట్టగలం. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. పొట్ట పెరుగుతుంది, చేతులూ కాళ్ళూ సన్నబడతాయి. చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంది. లేని షుగర్ వస్తుంది, ఉన్న షుగర్ అదుపు తప్పుతుంది. ఎముకలు గుల్లబారి వెన్నుపూస కుంగిపోతుంది. కన్ను శుక్లం పట్టడం, క్షయ తిరగబెట్టడం కూడా ఉన్నాయి. రోగి మాత్రం నేను మూలికలు తప్ప ఏమీ వాడలేదు అంటాడు, అతను అబద్ధం ఆడటం లేదు. ఇక్కడ ఒక ప్రాణాపాయం ఉంది, దయచేసి వినండి. ఇది తెలిసిన భయంతో ఆ పొడిని ఒక్కసారిగా మానేయకండి. నెలల తరబడి బయటి స్టెరాయిడ్ అందితే మన అడ్రినల్ గ్రంథులు పని మానుకుంటాయి. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి, వాంతులై, మనిషి పడిపోవచ్చు. ఆ పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మెల్లగా తగ్గించి ఆపిస్తారు.

డైక్లోఫెనాక్ సంగతి విడిగా ఒక మాట. నొప్పి బిళ్ళల జాతి మందులు మూత్రపిండాలకు రక్తం తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు తక్కువ తాగే కూలీకి ఆ దెబ్బ ఎక్కువ. మన పక్కనే, తిరువూరు దగ్గర ఎ.కొండూరు తండాల్లో ఏళ్ళుగా కిడ్నీ జబ్బు ఎలా కుటుంబాలను కూల్చుతోందో మీకు తెలుసు. దాని మూల కారణం ఏదైనా, దెబ్బతిన్న కిడ్నీ మీద పేరు తెలియని పొడిలోని నొప్పి మందు పడితే నష్టం రెట్టింపు.

సీసం గురించి ఏలూరుకు వేరే చెప్పాలా? 2020 డిసెంబరు 5 నుంచి వన్ టౌన్ వీధుల్లో పిల్లలూ పెద్దలూ మూర్ఛలొచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లో 500 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్త నమూనాల్లో సీసం, నికెల్ దొరికాయని చెప్పింది. అవి ఎక్కడి నుంచి వచ్చాయన్న దాని మీద నీళ్ళ నుంచి పురుగుమందుల వరకు చర్చ నడిచింది. చెట్టుమందులకూ ఆ ఘటనకూ సంబంధం లేదు. కానీ సీసం ఒంట్లో చేరితే ఏమవుతుందన్న భయం తెలిసిన ఊరు మనది, కనుక చెబుతున్నాను. రసౌషధాల్లో పాదరసం, సీసం, తాళకం లాంటివి శుద్ధి చేసి వాడే సంప్రదాయం ఉంది. శుద్ధి సరిగా జరిగిందో లేదో నాలుకకు తెలియదు. 2004లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన పరిశోధనలో బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14 సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కలిగి ఉన్నాయి. అవన్నీ దక్షిణాసియాలో తయారైనవే. సీసం నెమ్మదిగా చేరితే వచ్చే లక్షణాల్లో కీళ్ళ నొప్పులు, కడుపు నొప్పి, నీరసం, నిద్రలేమి ఉన్నాయి. ఏ బాధకు మందు వేసుకుంటున్నామో ఆ బాధనే మందు పెంచుతుంటే మోతాదు పెంచుకుంటూ పోతాం. మన దేశంలో మూలికా మందుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 10 పాళ్ళు, పాదరసం 1 పాలు మించకూడదని ప్రమాణాలున్నాయి. భస్మం, రసం అని పేరున్న ఏ మందునైనా పట్టా ఉన్న ఆయుర్వేద వైద్యులు రాసి, గడువు చెప్పి, మధ్యలో రక్తపరీక్ష చేయిస్తేనే పుచ్చుకోండి. గర్భిణులకూ పిల్లలకూ వద్దే వద్దు.

విషజాతి మూలికల గురించి మన పెద్దలకు తెలిసినంత భయం ఇప్పటి అమ్మకందార్లకు లేదు. వాతానికి వాడే ముష్టి గింజల్లో స్ట్రిక్నిన్ ఉంటుంది. నాభి వేరు గుండె లయని తప్పిస్తుంది. ఉమ్మెత్త కడుపులోకి పోతే నోరు ఎండి, కళ్ళు బైర్లు కమ్మి, మతి తప్పుతుంది. వీటిని ఔషధ చట్టం నిబంధనలు విషద్రవ్యాల పట్టికలో పెట్టాయి, వైద్య పర్యవేక్షణలోనే వాడాలని అట్ట మీద రాయాలి. ఇక పోల్చుకోవడంలో పొరపాటు ఒకటి. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం తాగని వీధి లేదు. 2022లో దేశంలోని 13 వైద్య కేంద్రాలు తిప్పతీగ వాడకం తరువాత కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలు ప్రచురించాయి. ఆయుష్ శాఖ అది పోలిక ఉన్న వేరే తీగ కావచ్చని వాదించింది. ఆ వాదన నిజమే అనుకున్నా, గోడ మీద పాకిన తీగ ఏదో తెలియకుండా కోసి తాగడం ప్రమాదమన్న మాటను అది బలపరుస్తుంది. కీళ్ళవాతం లాంటి, శరీరం తనను తానే పీడించుకునే జబ్బులున్నవాళ్ళు, ముఖ్యంగా మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు, తిప్పతీగ జోలికి పోవద్దు. ఆ బిళ్ళ ఒక్కటే కాలేయానికి సరిపడా పని పెడుతుంది.

ఇక నిద్ర. వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా, మూడు నెలలకు పైగా నిద్ర పట్టకపోతే దాన్ని దీర్ఘకాలపు నిద్రలేమి అంటాం. ఇక్కడా ముందు కారణం వెతకాలి. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేపేది షుగర్ కావచ్చు. సాయంత్రం వేసుకుంటున్న బీపీ బిళ్ళ కావచ్చు. గట్టిగా గురక పెట్టి, ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్ళకు నిద్రమందు ఏదైనా, ఆకైనా బిళ్ళైనా, అపాయమే. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, బతుకు మీద ఆశ సన్నగిల్లుతుంటే అది మనసు జబ్బు, దానికి మంచి వైద్యం ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. రాత్రి పడుకోబోయే ముందు వేసే సారా చుక్క నిద్ర పట్టించినట్టే ఉండి, రెండో జాములో లేపేస్తుంది.

మూలికల్లో ఇప్పుడు అందరి నోటా ఉన్నది అశ్వగంధ, మన పెన్నేరు గడ్డ. దాని మీద పరీక్షలున్నాయి. 2021లో ఐదు పరీక్షలను, మొత్తం 400 మందిని కలిపి చూస్తే నిద్రకు కొద్దిపాటి మేలు తేలింది. రోజుకు 600 మిల్లీగ్రాముల సారం, రెండు నెలలకు పైగా వాడితే ఆ మేలు కాస్త స్పష్టంగా ఉంది. అంతవరకు నేను ఒప్పుకుంటాను. మూడు నెలలు దాటి వాడినవాళ్ళ భద్రత గురించి మాత్రం సరైన పరీక్షలు లేవు. కొందరికి కాలేయం వాచి కామెర్లు వచ్చాయి. థైరాయిడ్ హార్మోన్‌ను పెంచుతుంది, కనుక థైరాయిడ్ బిళ్ళ వేసుకునేవాళ్ళకు లెక్క తప్పుతుంది. 2023లో డెన్మార్క్ దాన్ని నిషేధించింది. నేను నిషేధం కోరడం లేదు. గర్భిణులు, కాలేయ జబ్బు, థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్ళు మానాలి. మిగిలినవాళ్ళు వేరుతో చేసిన, మోతాదు రాసిన మందునే, గడువు పెట్టుకుని వాడాలి. కళ్ళు పచ్చబడినా మూత్రం ముదురు రంగైనా అదే రోజు ఆపాలి.

సర్పగంధ కథ నేర్చుకోదగింది. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అది ఉన్మాదానికీ రక్తపోటుకూ పనిచేస్తుందని రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లో దాని నుంచి రిసర్పిన్ తీశారు. ప్రపంచంలో బీపీకి మొదటి తరం మందుల్లో అది ఒకటయింది. తరువాత ఎక్కువ మోతాదుల్లో కొందరిని దిగులులోకి నెడుతుందని గమనించి వాడకం తగ్గించారు. ఒక మూలికకు బలం ఉందని తేల్చిన పరీక్షే దాని హానినీ చూపింది. బీపీ బిళ్ళ వేసుకుంటూ నిద్ర కోసం సర్పగంధ గోలీలు కూడా మింగేవాళ్ళు బాత్రూంలో కళ్ళు తిరిగి పడితే తుంటి ఎముక విరుగుతుంది.

పాలలో చిటికెడు జాజికాయ పాతకాలపు అలవాటు, దానితో తంటా లేదు. చెంచాడు వేస్తే గుండె దడ, భ్రమలు వస్తాయి. వలేరియన్ వేరు మాత్రలు విదేశాల నుంచి పిల్లలు పంపుతుంటారు. 2017లో అమెరికా నిద్ర వైద్యుల సంఘం నిద్రలేమికి దాన్ని వాడొద్దనే సూచించింది, పనిచేస్తుందన్న ఆధారం చాలక. ఇంగ్లీషు మందుల వైపు అల్ప్రజోలం అంతకన్నా పెద్ద బెడద. చీటీ లేకుండా అమ్మకూడని ఆ బిళ్ళకు అలవాటు పడ్డవాళ్ళు మానలేక నలుగుతున్నారు. దానితో పాటు మత్తిచ్చే మూలిక ఏదీ కలపకూడదు.

2016లో అమెరికా వైద్యుల కళాశాల దీర్ఘకాలపు నిద్రలేమికి మొదటి వైద్యంగా ఏ మందునూ చెప్పలేదు. నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిచేసే చికిత్సను చెప్పింది. ఇంట్లో మొదలుపెట్టగలిగినంత చెబుతాను. రోజూ ఒకే వేళకు లేవండి, రాత్రి ఎంత నిద్ర పట్టినా సరే. మంచం మీద ఇరవై నిమిషాలు మెలకువగా ఉన్నారనిపిస్తే లేచి వేరే చోట కూర్చుని, కునుకు వచ్చాకే తిరిగి వెళ్ళండి. పగటి కునుకు మానండి. మధ్యాహ్నం తరువాత టీ వద్దు. వారం పది రోజులు ఇంకా అలసట పెరిగినట్టు ఉంటుంది, అక్కడ వదిలేయకండి. రాత్రి కాపలా పనివాళ్ళకు ఇది కుదరదు. వాళ్ళకు వారం వారం వేళలు మార్చకుండా పని ఇవ్వమని చెరువుల యజమానులను నేను అడుగుతున్నాను.

నా తోటి డాక్టర్లకు ఒక మాట. రోగి కషాయం పేరెత్తగానే మనం కసురుకుంటాం. తరువాతిసారి అతను చెప్పడు. అతిమధురం ఉన్న చూర్ణం వాడుతుంటే బీపీ పెరిగి, పొటాషియం పడిపోతుంది. ఆ సంగతి తెలియక మనం మరో బీపీ బిళ్ళ కలుపుతాం. ఆపరేషన్‌కు ముందు రక్తం పలచబడే మూలికలు ఆపించాలని కూడా మనకు తెలియదు, అడగలేదు కనుక. ఓపీ చీటీ మీద ‘చెట్టుమందులు, చూర్ణాలు’ అని ఒక గడి గీయండి, మర్యాదగా అడిగి నింపండి. ఆయుర్వేద డాక్టర్లు కూడా మెథోట్రెక్సేట్, వార్ఫరిన్, థైరాయిడ్ బిళ్ళల గురించి అలాగే అడగాలి. సందేహం ఉంటే విజయవాడలో నోరి రామశాస్త్రి గారి పేరున ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అక్కడ చూపించుకోవచ్చు.

మందు కొనేటప్పుడు అట్ట మీద లైసెన్సు నంబరు, తయారీదారు చిరునామా, ప్రతి మూలిక పేరూ బరువూ, గడువు తేదీ చూడండి. ఏదీ లేని పొట్లం ఎంత మంచివాడు ఇచ్చినా తీసుకోకండి. 2021లో కృష్ణపట్నంలో ఆనందయ్య గారి కోవిడ్ మందుకు ఎంత జనం పోటెత్తారో చూశాం. ప్రభుత్వం పరీక్షలు చేయించి కొన్నిటికి సరే అంది, కంట్లో వేసే చుక్కలకు మాత్రం అనుమతి ఇవ్వలేదు. ఆ రెండో మాటను విననివాళ్ళే ఎక్కువ.

ఏ మందు వల్లనైనా, చెట్టుదైనా కంపెనీదైనా, చెడు జరిగిందనిపిస్తే 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి చెప్పండి. రేపు మీరో, మీ అమ్మో నాన్నో ఆసుపత్రికి వెళ్తుంటే, ఇంట్లో ఉన్న బిళ్ళలు, చూర్ణం పొట్లాలు, నూనె సీసాలు, పేరు తెలియని గోలీలు, అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. డాక్టరు అడగకపోయినా బల్ల మీద పెట్టండి.